పాల్వంచ నుంచి గల్ఫ్‌కు కారం, పచ్చళ్లు, బిస్కెట్లు పంపాలంటే.. ఏ సర్టిఫికెట్ ఎవరు అడుగుతారు?

పాల్వంచ: 2025 జూన్ 29న ప్రధాని నరేంద్ర మోదీ ‘మన్ కీ బాత్’లో భద్రాచలం మహిళల ప్రస్తావన తెచ్చారు. ఒకప్పుడు పొలాల్లో కూలికి పోయిన ఆడవాళ్లు ఇప్పుడు చిరుధాన్యాలతో బిస్కెట్లు చేస్తున్నారని, ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరుతో అవి హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని చెప్పారు. పాల్వంచలో బస్సెక్కితే భద్రాచలం గంట ప్రయాణం. పక్క ఊరి బిస్కెట్టు లండన్ పోతుంటే మన ఇంటి కారం, మన ఆవకాయ దుబాయ్‌కో జెద్దాకో ఎందుకు పోకూడదు అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది.

రావాల్సిందే. కానీ ఆ ఆలోచన వచ్చిన వెంటనే వినపడే రెండో మాట దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. ‘హలాల్ సర్టిఫికెట్ ఒక్కటి తీసుకుంటే చాలు కదా భాయ్?’ చాలదు. కొన్ని సరుకులకు అది అసలు అక్కర్లేదు. కొన్నింటికి అది లేకుండా డబ్బా కూడా దిగదు. సర్టిఫికెట్ అనేది సరుకును బట్టి, అది వెళ్లే దేశాన్ని బట్టి మారుతుంది. ఒక దేశానికి పనికొచ్చిన కాగితం పక్క దేశంలో చిత్తు కాగితం కావచ్చు. ఇది తెలియకే అప్పు చేసి తయారుచేసిన సరుకు పోర్టులో ఆగిపోతుంది. ఆగిన సరుకును వెనక్కి తెప్పించుకోవాలన్నా, అక్కడే పారేయించాలన్నా ఖర్చు మనదే.

సూట్‌కేసు వేరు, షాపు వేరు

సెలవు మీద వచ్చిన అబ్బాయి తిరిగి వెళ్లేటప్పుడు అమ్మ కట్టిచ్చే కారం పొట్లం ఎగుమతి కాదు. అమెరికా లాంటి కఠినమైన చోట కూడా ఇంట్లో చేసిన తిండిని ఒక మనిషి మరో మనిషికి కానుకగా పంపితే, ఆహార దిగుమతికి ముందుగా ఇవ్వాల్సిన నోటీసు నుంచి మినహాయింపు ఉంది. అదే కారం ప్యాకెట్ మీద ధర వేసి అక్కడి దుకాణంలో పెట్టారంటే కథ మారిపోతుంది. కొరియర్‌లో పది కిలోలు పంపి ‘గిఫ్ట్’ అని రాయడం వ్యాపారం కాదు, పట్టుబడేదాకా నడిచే పని మాత్రమే.

ఇక్కడ తీసుకోవాల్సినవి

వీటి గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, ఆన్‌లైన్‌లో అయ్యేవే. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, అంటే డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ కోడ్ తీసుకోవాలి. ఫీజు 500 రూపాయలు. మీ పాన్ నంబరే ఐఈసీ నంబర్ అవుతుంది. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు అందులోని వివరాలు సరిచూసి అప్‌డేట్ చేయకపోతే కోడ్ ఆగిపోతుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. తర్వాత బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌ను కస్టమ్స్‌లో నమోదు చేయాలి. పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి జీఎస్టీలో ఎల్‌యూటీ దాఖలు చేయాలి.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర మాత్రం జాగ్రత్త. ఊళ్లో పచ్చళ్లు అమ్ముకోవడానికి తీసుకున్న చిన్న రిజిస్ట్రేషన్ ఎగుమతికి పనికిరాదు. టర్నోవర్ ఎంత తక్కువైనా ఎగుమతిదారుకు సెంట్రల్ లైసెన్స్ కావాలి. ఆ లైసెన్స్‌కు తయారీ స్థలం మీ స్వాధీనంలో ఉందనే రుజువు అడుగుతారు. పాల్వంచ వాళ్లకు ఇక్కడే ఒక చిక్కు ఉంది. మనది ఏజెన్సీ ప్రాంతం. 1970 నాటి ఒకటో నంబరు భూ బదలాయింపు చట్టం, అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే చట్టం, గిరిజనేతరులకు భూమి బదలాయింపును చెల్లనీయదు. కాబట్టి షెడ్డు వేయకముందే, మిషన్లకు అడ్వాన్స్ ఇవ్వకముందే స్థలం కాగితాలు ఒక వకీలుకు చూపించాలి. లైసెన్స్ దగ్గర, బ్యాంకు లోను దగ్గర ఆగిపోయాక చూపిస్తే లాభం లేదు.

ఇక బోర్డు రిజిస్ట్రేషన్. ఇక్కడ తికమకపడేవాళ్లు ఎక్కువ. ఎండుమిర్చి, కారం, పసుపు, ధనియాల పొడి, మసాలా పొడులు అయితే కొచ్చిలో కేంద్ర కార్యాలయం ఉన్న స్పైసెస్ బోర్డు దగ్గర మసాలా ఎగుమతిదారుగా నమోదు కావాలి. అదే పచ్చళ్లు, అప్పడాలు, బిస్కెట్లు, తేనె, బెల్లం, మాంసం అయితే అపెడా కిందికి వస్తాయి. అంటే ఒకే వంటింట్లో తయారైన కారం ఒక బోర్డుకు, ఆవకాయ మరో బోర్డుకు పోతాయి. రెండూ పంపాలనుకుంటే రెండూ తీసుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక సరుకుతోనే మొదలుపెట్టడం మేలు.

మిర్చి సంగతి కల్లంలోనే తేలిపోతుంది

మన ప్రాంతం నుంచి విదేశాలకు వెళ్లే ఆహార సరుకుల్లో పెద్దది ఎండుమిర్చి. గుంటూరు తర్వాత తెలుగు నేల మీద మిర్చికి పేరున్న యార్డు ఖమ్మందే. అక్కడికి వచ్చేది ఎక్కువగా తేజ రకం. ఘాటు ఎక్కువ కాబట్టి బయటి దేశాల కొనుగోలుదారులు దాన్నే అడుగుతారు. అయితే ఘాటు చూసి సర్టిఫికెట్ ఇవ్వరు. చూసేవి వేరే.

మొదటిది అఫ్లాటాక్సిన్. తేమ ఉన్న కాయ మీద పెరిగే ఒక రకం బూజు వదిలే విషం ఇది. కంటికి కనపడదు, వండినా పోదు. ఐరోపా సమాఖ్యలో ఎండుమిర్చికి, కారానికి దీని మొత్తం పరిమితి కిలోకు 10 మైక్రోగ్రాములు. అందులో బీ1 అనే రకం 5కు మించకూడదు. కిలో కారాన్ని వంద కోట్ల భాగాలు చేస్తే అందులో పది భాగాలన్నమాట. ఒక బస్తాలో నాలుగు బూజు కాయలు కలిసి మిల్లులో పడితే మొత్తం లాట్ పాడవుతుంది. పొడి చేశాక ఏరి తీసే మార్గం లేదు.

అందుకే ఈ పరీక్షలో పాసయ్యేదీ ఫెయిలయ్యేదీ ల్యాబ్‌లో కాదు, కల్లంలో. మట్టి మీద ఆరబోసిన కాయ వేరు, టార్పాలిన్ మీదో సిమెంటు గచ్చు మీదో ఆరిన కాయ వేరు. రాత్రి మంచు పడకుండా కప్పాలి. తాలు కాయను, నల్లబడ్డ కాయను ఏరి పక్కన పెట్టాలి. తేమ 10 శాతం దగ్గరికి వచ్చేదాకా బస్తాకు ఎత్తొద్దు. కాయ విరగకుండా ఉండటానికో, తూకం పెరగడానికో నీళ్లు చల్లే అలవాటు ఉంది చూశారా, ఎగుమతికి దానంత శత్రువు ఇంకోటి లేదు. యార్డులో ఆ నీళ్లకు నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు. పోర్టులో కంటైనరే ఆగిపోతుంది.

రెండోది రంగు. 2003లో ఫ్రాన్స్‌లో మన దేశపు మిర్చి ఉత్పత్తుల్లో సుడాన్ అనే రంగు దొరికింది. మైనం, బూట్ల పాలిష్ లాంటి వాటికి వాడే రంగు అది, తినేది కాదు. 2005లో బ్రిటన్‌లో ఈ రంగు కలిసిన కారంతో చేసిన ఒక సాస్ వందల రకాల తిండి పదార్థాల్లోకి వెళ్లిందని తేలి, అన్నింటినీ దుకాణాల నుంచి వెనక్కి తీశారు. ఎవరో ఎక్కడో కారం ఎర్రగా కనపడాలని చేసిన పనికి దేశం మొత్తం మిర్చి మీద మచ్చ పడింది. అప్పటి నుంచి మిర్చి, మిర్చి ఉత్పత్తులకు స్పైసెస్ బోర్డు తప్పనిసరి పరీక్షలు పెట్టింది. బోర్డు వాళ్లు లాట్ నుంచి శాంపిల్ తీసి సుడాన్ రంగులు, అఫ్లాటాక్సిన్ చూస్తారు. బోర్డు నాణ్యతా పరీక్ష ల్యాబ్ మనకు దగ్గరలో గుంటూరులో ఉంది.

మూడోది పురుగుమందు. 2021-22 సీజన్‌లో కొత్త రకం తామర పురుగు మిర్చి తోటలను ఎలా ఊడ్చేసిందో ఇక్కడి రైతులకు చెప్పక్కర్లేదు. దానికి భయపడి వారానికి రెండు మూడు సార్లు మందు కొట్టిన చేలున్నాయి. ఐరోపాలో ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందుకు కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటితే సరుకు చెల్లదు. కాబట్టి ఎగుమతి కోసం కొనేవాళ్లు యార్డులో రాశి చూసి కొనడం కాదు, ఏ చేనులో ఏ మందు ఎప్పుడు కొట్టారో రాసుకున్న రైతు దగ్గర నేరుగా కొనాలి. అలాంటి రైతుకు క్వింటాల్‌కు కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

నాలుగోది చాలామందికి తెలియదు. మసాలాల్లో క్రిములను చంపడానికి వాడే ఇథిలీన్ ఆక్సైడ్ అనే వాయువు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ అధికారులు పేరున్న భారతీయ బ్రాండ్ల మసాలాల్లో దీన్ని కనిపెట్టి అమ్మకం ఆపించారు. దాని తర్వాత ఆ రెండు చోట్లకు వెళ్లే మసాలాలకు ఈ పరీక్ష కూడా తప్పనిసరి అయింది. ఇక్కడే దేశాన్ని బట్టి నియమం ఎలా మారుతుందో చూడండి. అమెరికా మసాలాల్లో దీని అవశేషం కిలోకు 7 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. ఐరోపాలో పరిమితి 0.1 మాత్రమే. అమెరికా కోసం శుద్ధి చేయించిన కారాన్ని జర్మనీకి పంపితే తిరిగొస్తుంది. ఆవిరితో శుద్ధి చేయిస్తే ఈ బాధ ఉండదు, ఖర్చు మాత్రం ఎక్కువ. శుద్ధి వద్దనుకుంటే సాల్మొనెల్లా బ్యాక్టీరియా దొరికే ప్రమాదం. అది దొరికిన సంస్థల పేర్లను అమెరికా ఎఫ్‌డీఏ ఒక జాబితాలో పెట్టి, తర్వాత వచ్చే సరుకును తెరిచి చూడకుండానే ఆపేస్తుంది. ఆ జాబితాలోకి ఎక్కడం తేలిక, దిగడం కష్టం.

ఇవి కాక, కాయగా పంపే ఎండుమిర్చికి మొక్కల క్వారంటైన్ విభాగం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కూడా అడుగుతారు.

హలాల్: ఎప్పుడు కావాలి, ఎవరి దగ్గర తీసుకోవాలి

మాంసం విషయంలో నియమం ఇప్పుడు స్పష్టంగా ఉంది. 2024 అక్టోబర్ 16 నుంచి, ‘హలాల్’ అని చెప్పి మాంసం, మాంసం ఉత్పత్తులను సౌదీ, యూఏఈ, ఖతర్, కువైట్, ఒమన్, బహ్రెయిన్, మలేసియా, ఇండోనేసియా సహా 15 దేశాలకు పంపాలంటే, అవి తయారైన ప్లాంటుకు ఐ-క్యాస్ హలాల్ పథకం కింద సర్టిఫికెట్ ఉండాలి. ఈ పథకం క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాది. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు ఎన్‌ఏబీసీబీ గుర్తింపు ఉండాలి. అంతకుముందు ప్రైవేటు సంస్థలు తమ తమ పద్ధతిలో ఇచ్చేవి. ఇప్పుడు వాటికి కూడా ఈ గుర్తింపు తప్పదు.

అయితే ఇది మన ఊరి మటన్ దుకాణానికి సంబంధించిన విషయం కాదు. ఎగుమతి మాంసం అపెడాలో నమోదైన పెద్ద కబేళాల నుంచే పోవాలి. ప్రతి కన్‌సైన్‌మెంటుకు ప్రభుత్వ పశువైద్యుల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. తెలంగాణలో అంటే పటాన్‌చెరు దగ్గర రుద్రారం, జహీరాబాద్ లాంటి చోట్ల ఉన్న పెద్ద ప్లాంట్లు చేసే పని అది.

మరి కారం, పచ్చడి, బిస్కెట్ల సంగతి? ఐ-క్యాస్ నిబంధన వీటికి వర్తించదు. స్వచ్ఛమైన మిర్చి పొడి మొక్క నుంచి వచ్చింది, దానికది హలాలే. దాని మీద హలాల్ ముద్ర కొనుగోలుదారు అడిగితేనే అవసరం. అదే మిల్లులో, అదే మిషన్ మీద చికెన్ రుచి కలిపిన మసాలా కూడా పడుతుంటే మాత్రం ప్రశ్న వస్తుంది.

బిస్కెట్ల దగ్గర నిజంగా చూడాల్సింది ఉంది. మైదా, చక్కెర, నెయ్యి, రాగి, జొన్న వల్ల సమస్య లేదు. సమస్య చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ471 అనే ఎమల్సిఫయర్ మొక్కల నూనె నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. డబ్బా మీద నంబర్ ఒకటే. పిండిని మెత్తబరచడానికి వాడే ఈ920 కొన్నిసార్లు ఈకల నుంచి తీస్తారు. జెలాటిన్ ఎముకలు, చర్మాల నుంచి వస్తుంది. వెనీలా లాంటి ఎసెన్సుల్లో ఆల్కహాల్ ఉంటుంది. హలాల్ ఆడిట్‌కు వచ్చినవాళ్లు అడిగేది ఇదే: ఒక్కో దినుసు ఎవరి దగ్గర కొన్నారు, అది దేని నుంచి తయారైందో వాళ్లు రాసిచ్చారా? ఊళ్లో హోల్‌సేల్ దుకాణంలో విడిగా కొన్న ఎసెన్సుకు ఆ రాత దొరకదు. కాబట్టి ఫార్ములా తయారుచేసుకునేటప్పుడే అనుమానం ఉన్న దినుసులు లేకుండా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. పచ్చళ్లలో వెనిగర్ వాడితే అది ఏ రకమో సర్టిఫై చేసే సంస్థను ముందే అడగాలి, దాని మీద ఉలమాల్లో అభిప్రాయ భేదాలున్నాయి.

సంస్థను ఎంచుకునేటప్పుడు ‘ఎవరు తక్కువకు ఇస్తారు’ అని కాదు, ‘వీళ్ల ముద్రను ఆ దేశం ఒప్పుకుంటుందా’ అని అడగండి. మలేసియాలో జాకిమ్, ఇండోనేసియాలో బీపీజేపీహెచ్, సౌదీలో ఎస్‌ఎఫ్‌డీఏ కింద పనిచేసే హలాల్ కేంద్రం ఎవరి జాబితా వాళ్లు పెట్టుకుంటాయి. ఒక జాబితాలో ఉన్న సంస్థ ఇంకో జాబితాలో ఉండకపోవచ్చు. ఇండోనేసియాలో 2014 నాటి చట్టం ప్రకారం ప్యాక్ చేసిన ఆహారాలకు హలాల్ లేబుల్ దశలవారీగా తప్పనిసరి చేస్తున్నారు. దిగుమతి సరుకుకు పెట్టిన గడువు 2026 అక్టోబర్ 17.

మరో అనుమానం కూడా తీర్చుకోవాలి. 2023 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ ముద్ర ఉన్న ఉత్పత్తుల తయారీ, నిల్వ, అమ్మకాలను నిషేధించింది. అది ఆ రాష్ట్రానికి పరిమితం. అక్కడ కూడా ఎగుమతి సరుకుకు మినహాయింపు ఇచ్చారు.

లేబుల్ కూడా సర్టిఫికెట్ అంత ముఖ్యం

గల్ఫ్ దేశాల్లో ప్యాకెట్ మీద అరబీలో వివరాలు ఉండాలి. దినుసులు, తయారైన దేశం, తయారీ తేదీ, గడువు తేదీ అన్నీ. మన పిల్లలు మదర్సాలో అరబీ చదివారు కదా, వాళ్లతో రాయించేస్తాం అనుకోవద్దు. ఆహార లేబుల్ మాటలు వేరు. దిగుమతి చేసుకునే కంపెనీ అక్కడి అధికారుల దగ్గర సరుకును నమోదు చేయించే ముందు లేబుల్ ముసాయిదా వాళ్లకే పంపి సరిచూపించుకోవాలి. వేల కవర్లు ప్రింట్ కొట్టించాక తప్పు బయటపడితే ఆ కవర్లు తూకానికి అమ్ముకోవడమే.

యూఏఈకి పంపేవాళ్లు సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్ మరువొద్దు. 2022 మే 1 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం ప్రకారం, సరుకు భారత్‌లో తయారైందన్న ఆ పత్రం ఉంటే కొనుగోలుదారుకు సుంకంలో రాయితీ దొరుకుతుంది. ఆ పత్రం మీరివ్వగలరని చెప్పడమే బేరంలో ఒక బలం.

అలర్జీ కలిగించే దినుసులను లేబుల్ మీద చెప్పడం కూడా దేశాన్ని బట్టే. ఆవకాయనే తీసుకోండి. అందులో నువ్వుల నూనె, ఆవపిండి రెండూ ఉంటాయి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు అలర్జీ జాబితాలో చేరాయి, ఆవాలు లేవు. బ్రిటన్, ఐరోపాల్లో రెండూ ఉన్నాయి. ఆవకాయ ఒకటే, లేబుళ్లు రెండు. అమెరికాకు పచ్చళ్లు పంపేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. ‘ఆమ్లీకృత ఆహారం’ కింద లెక్కించే పచ్చళ్ల పీహెచ్ 4.6 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, తయారీ పద్ధతిని ఎఫ్‌డీఏలో దాఖలు చేయాలి.

ఎఫ్‌డీఏ పేరుతో జరిగే మోసం గురించి ఒక మాట. ఆహార తయారీ కేంద్రాన్ని ఎఫ్‌డీఏలో నమోదు చేయడానికి ఫీజు లేదు. అమెరికాలో ఒక ఏజెంటును చూపించాలి, సరి సంఖ్య సంవత్సరాల్లో అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య రెన్యువల్ చేయాలి. ఏజెంటు తన సేవకు డబ్బు తీసుకోవచ్చు. కానీ బంగారు ముద్రతో గోడకు తగిలించుకునే ‘ఎఫ్‌డీఏ సర్టిఫికెట్’ అంటూ ఎవరైనా వేలకు వేలు అడిగితే ఇవ్వకండి. అలాంటి సర్టిఫికెట్ ఎఫ్‌డీఏ ఇవ్వదు.

అడవి సరుకు: తేనె, ఇప్పపువ్వు

కిన్నెరసాని అడవి పక్కన ఉన్నాం కాబట్టి ఈ ప్రశ్న కూడా వస్తుంది. 2021లో పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా అడవుల ఎండు ఇప్పపువ్వు ఓడలో ఫ్రాన్స్‌కు వెళ్లింది. మన అడవిలోనూ అదే పువ్వు రాలుతుంది. కానీ ఏజెన్సీలో అటవీ ఉత్పత్తులను ఎవరు పడితే వాళ్లు కొనడానికి వీల్లేదు. 1979 నాటి నిబంధన ప్రకారం ఆ కొనుగోలు హక్కు గిరిజన సహకార సంస్థది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తుల మీద యాజమాన్యం సేకరించే ఆదివాసీలకే ఇచ్చింది. ఈ వ్యాపారంలో దిగాలంటే వాళ్ల సంఘాలతో, జీసీసీతో కలిసి దిగాలి. పక్కదారి పెట్టుకుంటే సరుకు ఎక్కడిదని అడిగిన రోజు చూపడానికి కాగితం ఉండదు.

‘అడవి నుంచి వచ్చింది, ఆర్గానిక్కే కదా’ అనే మాట చట్టం ముందు నిలవదు. ఆర్గానిక్ అని రాయాలంటే అపెడా నడిపే ఎన్‌పీఓపీ కింద సర్టిఫికెట్ ఉండాలి. అందులో అడవి సేకరణకు ప్రత్యేక విభాగం ఉంది. ఏ ప్రాంతంలో సేకరించారు, ఎవరు సేకరించారు అన్న లెక్క చూపాలి. తేనె మరీ కష్టం. చక్కెర పాకం కలిసిందా లేదా పట్టుకోవడానికి అమెరికాకు వెళ్లే తేనెకు 2020 ఆగస్టు 1 నుంచి ఎన్‌ఎంఆర్ పరీక్ష తప్పనిసరి చేశారు.

ఎక్కడ మొదలుపెట్టాలి

సరుకు తయారుచేసి కొనేవాడి కోసం వెతకడం తలకిందుల పద్ధతి. ముందు ఒక దేశం, ఆ దేశంలో లైసెన్స్ ఉన్న ఒక ఇంపోర్టర్ దొరకాలి. బంధువు పనిచేసే సూపర్‌మార్కెట్ మేనేజర్ ‘పంపండి, చూద్దాం’ అంటే అది ఆర్డర్ కాదు. ఇంపోర్టర్ దగ్గర రాతపూర్వకంగా నాలుగు విషయాలు తీసుకోండి: ఏ పరీక్షల రిపోర్టులు కావాలి, ఏ సంస్థ హలాల్ ముద్ర కావాలి, లేబుల్ నమూనా ఏది, సరుకు తిరస్కరిస్తే ఖర్చు ఎవరిది. నాలుగో దానికి జవాబు రాకపోతే తొందరపడొద్దు.

మొదటి ఒకటి రెండు సార్లు హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఇప్పటికే ఎగుమతి చేస్తున్న మర్చంట్ ఎక్స్‌పోర్టర్ ద్వారా పంపడం నామోషీ కాదు. లాభం తగ్గుతుంది, నిజమే. కానీ పోర్టు దగ్గర కాగితాలు ఎలా నడుస్తాయో మీ డబ్బు పోకుండా నేర్చుకుంటారు. మిషన్ల కోసం 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కొత్తగూడెంలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

పంపిన ప్రతి లాట్ నుంచి రెండు సీలు వేసిన ప్యాకెట్లు మీ దగ్గర దాచుకోండి. మీద లాట్ నంబర్, తేదీ, మిర్చి ఏ రైతు దగ్గర కొన్నదీ రాసి, గడువు తేదీ దాటేదాకా తెరవకండి. ఆరు నెలల తర్వాత అక్కడి నుంచి ఫోన్ వస్తే, ల్యాబ్‌కు పంపడానికి మీ చేతిలో ఉండేది ఆ ప్యాకెట్టే.